బయట తాళం, లోపల ఉడత

ఫిబ్రవరి 9

బక్కోడా,

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగీ లాగీ నీ భుజాలు తలుపు చెక్కల్లా అయ్యాయని మరదలు ఆసుపత్రి నుంచి రాసింది. అయినా నాకు వేరే పిలుపు నోటికి రాదు. సర్దుకుపో.

ఇక్కడ పది రోజుల నుంచి పొగమంచు. పొద్దున్న బయల్దేరితే వీధి చివర ఏముందో తెలియదు. నడిచే కొద్దీ ఒక్కో ఇల్లు వచ్చి ఎదురుగా నిలబడుతుంది, దాటగానే వెనక్కి కరిగిపోతుంది. ఆ మంచులోంచి ఎవరెవరి ఇళ్ళలోకో వెళ్తాను. వాళ్ళ వంటగదిలో కూర్చుంటాను, పిల్లల్ని చూస్తాను, మళ్ళీ మంచులోకి వస్తాను. సాయంత్రానికి ఏ వంటగది ఎవరిదో, ఏ పిల్ల ఎవరి పిల్లో కలిసిపోతాయి. నిద్రలో నడిచి వచ్చినట్టు ఉంటుంది.

మా పిల్లల సంరక్షణ ఆఫీసుకు కొత్త ఫారం వచ్చింది. ఇరవై ఆరు ప్రశ్నలు. ఏ ఇంట్లో బిడ్డకు కన్నవాళ్ళ వల్లే హాని జరిగే అవకాశం ఉందో ముందే పసిగట్టాలట. పెద్దవాళ్ళకు నిద్ర సరిపోతోందా, సాయానికి మనిషి ఉన్నారా, బిడ్డను ఒంటరిగా వదిలి వెళ్తారా, మీ చిన్నతనం ఎలా గడిచింది, ఇలాంటివి. ఒక్కో జవాబుకు ఇన్ని అని మార్కులు. పన్నెండు దాటితే వారం వారం వెళ్ళి చూడాలి. పద్దెనిమిది దాటితే బిడ్డను కొన్నాళ్ళు వేరే చోట ఉంచాలి. బడిలో మార్కులు పెరిగితే సంబరం, ఇక్కడ తగ్గితే సంబరం. వీధిలో పిల్లలు నాకు 'ఫారమ్మ' అని పేరు పెట్టారు. పలుకుతున్నాను కూడా.

నిన్న కుట్టుపని చేసుకునే ఒకావిడ ఇంటికి వెళ్ళాను. గది అద్దంలా ఉంది. మిషను పక్కన మూడేళ్ళ పిల్ల, చేతిలో దారపుకండె పట్టుకుని, బొమ్మలో పిల్లలా కదలకుండా కూర్చుంది. ఆవిడ నవ్వుతూ టీ ఇచ్చింది. నాలుగు మార్కులు వేసి వచ్చాను. ఇలాంటి ఇళ్ళు ఉంటే నా కాళ్ళు ఇంత నొప్పి పుట్టవు.

మరదలికి జ్వరం తగ్గిందా? నా మేనకోడలు ఉడత ఎలా ఉంది? అమ్మ కోసం ఏడుస్తోందా? నువ్వు ఫ్యాక్టరీకి వెళ్తే దాన్ని ఎవరు చూస్తున్నారు? నాలుగు ముక్కలు రాయి. కార్డు మీద 'బాగున్నాం' అని ఒక్క ముక్క పంపితే ఒప్పుకోను.

నీ
అక్క

ఫిబ్రవరి 21

ఫారమ్మక్కా,

ఒక్క ముక్క చాలదన్నావుగా, ఇదిగో పేజీలు. మధ్యాహ్నం దిమ్మలన్నీ దించేశాక రంపపు పొట్టు బస్తాల మీద కూర్చుని రాస్తున్నాను. నీ ఊళ్ళో మంచు పది రోజులే. మాకిక్కడ ఏడాదంతా మంచే. ఉప్పునీళ్ళ తొట్టి మూత ఎత్తితే తెల్లటి పొగ లేచి నడుము దాకా కమ్మేస్తుంది. ఎదుటివాడికి తలకాయ ఉంటుంది, కాళ్ళుండవు. ఒకసారి ఉడతను తీసుకొచ్చి చూపించాను. అప్పటి నుంచి "మా నాన్న మబ్బులో పని చేస్తాడు" అని అందరికీ చెబుతోంది. నేనూ కాదనలేదు.

మీ మరదలికి జ్వరం తగ్గింది, దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తుల వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. డాక్టరు ఇంకో నాలుగు నెలలన్నాడు.

ఉడత సంగతి. ఏడవదక్కా. మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు మానేసింది. చెప్పిన మాట వింటుంది. నా డ్యూటీ ఆరింటి నుంచి రెండింటి దాకా. లేపి, మొహం కడిగి, రొట్టె, పాలు బల్ల మీద పెట్టి, బయట తాళం వేసి వస్తాను. తిరిగొచ్చి తలుపు తీస్తే కిటికీ దగ్గర కూర్చుని మబ్బుల్లో నన్ను వెతుకుతూ ఉంటుంది. నేను వచ్చినట్టు కూడా ఒక్కోసారి గమనించదు. పోయిన వారం కిటికీ గట్టు ఎక్కి లోపలికే పడింది, నుదుటి మీద గుడ్డంత బొప్పి. ఐసు ముక్క పెట్టాను. మనింట్లో ఐసుకేం కరువు!

ఇంటికి వెళ్ళాక నాకు కళ్ళు మూతలు పడిపోతాయి. అది కథ చెప్పమంటుంది. నేను మొదలుపెట్టి మధ్యలో నిద్రపోతాను. మిగతా కథ అదే చెప్పుకుంటుంది.

నాకెన్ని మార్కులేస్తావో వెయ్యి. లెక్కల్లో ఎప్పుడూ పాసవలేదు, ఇందులోనైనా బోలెడు రానీ.

నీ
తలుపు చెక్కల తమ్ముడు

మార్చి 2

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు నవ్వుతూ చదివాను. మూడోసారి నవ్వు రాలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. ఆ కుట్టుపని ఆవిడ పాపకు చెయ్యి విరిగింది. మెలిపెడితే విరిగిందని ఆసుపత్రిలో చెప్పారు. ఎవరు మెలిపెట్టారో వేరే చెప్పనక్కర్లేదు. నేను వెళ్ళొచ్చిన పదో రోజు అది. నాలుగు మార్కులు వేసింది నేను. ఆ పిల్ల కదలకుండా కూర్చుంటే ఎంత బుద్ధిమంతురాలో అనుకుంది నేను. ఆసుపత్రికి వెళ్ళాను. కట్టు మీద ఎవరో నర్సు పువ్వు బొమ్మ గీసింది. పాప నన్ను చూసి గుర్తుపట్టింది. ఏడవలేదు. నాకు ఏడ్చే పిల్లలంటే భయం లేదురా, ఏడవని పిల్లలంటేనే ఇప్పుడు భయం.

ఆ రోజు నుంచి నాకొక కల వస్తోంది. పొడవాటి వరండా, రెండు పక్కలా తలుపులు. ఒక్కో తలుపూ తీస్తాను. ప్రతి గదిలో ఒక పిల్ల వీపు నా వైపు తిప్పి కిటికీలోకి చూస్తూ ఉంటుంది. పిలుద్దామంటే పేరు గుర్తురాదు. మెలకువ వచ్చాక కూడా ఆ వరండా కాసేపు గదిలోనే ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. ఎనిమిది గంటలు నాలుగేళ్ళ పిల్ల గదిలో ఒంటరిగానా? ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉందా? నిప్పు అంటుకుంటే? కిటికీలోంచి ఈసారి బయటికి పడితే? పొరుగువాళ్ళకు తెలుసా? బొప్పి డాక్టరుకు చూపించావా? అది మాట్లాడుతోందా, తింటోందా?

కోప్పడటం లేదు. జవాబు రాయి.

అక్క

మార్చి 11

అక్కకు,

నీ ఉత్తరంలో ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఇంకో పద్దెనిమిది కలిపితే నీ ఫారం నిండుతుంది.

ఎవరో బిడ్డ చెయ్యి విరిచేసిన మనిషి కథ చెప్పి, "అందుకే అడుగుతున్నాను" అన్నావు. అంటే నేను ఆవిడ లాంటివాడిననేగా? పాల మీగడ కూడా తీసి దాని గిన్నెలో వేసేవాడిని. నాతో ఈ మాటలేమిటి?

పొరుగువాళ్ళు ఉన్నారు. కింద ముసలావిడ ఉంది, ఆవిడకు చెవులు వినపడవు. పైన ఎవరూ లేరు. ఫ్యాక్టరీకి పిల్లను తీసుకురావద్దని మేస్త్రీ ఖరాఖండిగా చెప్పేశాడు. సెలవు పెడితే నా చోటు ఇంకొకడికి పోతుంది. మరేం చెయ్యమంటావు? మబ్బులో పెట్టి రమ్మంటావా?

ఇప్పుడు బెంగపడాల్సింది ఏమీ లేదులే. ఒక ఉపాయం దొరికింది. పొద్దున్న బయల్దేరే ముందు ఒక చెంచా మందు పోస్తున్నాను. గుటుక్కున మింగి, దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుంటుంది. పేచీ లేదు, గట్టు ఎక్కడం లేదు. 

ఇంకేం ప్రశ్నలు పంపకు.

తమ్ముడు

మార్చి 15

ఏం మందు? ఎవరిచ్చారు? సీసా మీద ఏముంది? ఎంత పోస్తున్నావు? వెంటనే ఆపెయ్యి. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి. దండం పెడతాను.

అక్క

ఏప్రిల్ 4

అక్కకు,

నీ మార్చి ఉత్తరానికి కావాలనే జవాబు రాయలేదు. ఒళ్ళు మండింది. ఒక పది రోజులు మండనిచ్చి తర్వాత రాద్దామనుకున్నాను. ఈలోగా నీ తరఫున మనిషి వచ్చింది.

నిన్న మూడింటికి తలుపు కొట్టారు. బూడిదరంగు కోటు ఆవిడ, చంకలో ఫైలు. పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి వచ్చానంది. ఈ ఊరి ఆఫీసుకు నా ఇల్లు ఎలా తెలిసిందా అనుకున్నాను. ఆవిడ ఫైలు తెరిచింది. "పాప ఏడవడం మానేసిందని..." అని చదివింది. "రొట్టె, పాలు బల్ల మీద పెట్టి, బయట తాళం వేసి..." అని చదివింది. నా మాటలక్కా. రంపపు పొట్టు బస్తాల మీద కూర్చుని నీకు రాసుకున్న మాటలు. పరాయి మనిషి గొంతులో వింటుంటే, నేను చచ్చిపోయాక ఎవరో నా సామాను సర్దుతున్నట్టు అనిపించింది.

"ఆ మందు సీసా చూపిస్తారా?" అంది.

తెచ్చి చేతిలో పెట్టాను. మూత తీసి వాసన చూసింది, నాలుక మీద చుక్క వేసుకుంది.

"ఇది పంచదార నీళ్ళు కదండీ!"

"అవునండీ. వాళ్ళమ్మ ఆసుపత్రిలో మందు తాగుతోందిగా, నాకూ మందు కావాలని గోల. అమ్మతో పాటు తనూ తాగుతున్నానని అనుకుంటుంది. తాగాక రోగిలా పడుకుంటుంది. అది దాని ఆట."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇదంతా నీకు ముందే రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. నా తప్పు కొంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ నువ్వు రైలెక్కి రావాల్సింది. మనిషిని పంపాల్సింది కాదు.

ఉడత ఆవిడ బూట్లకున్న లేసులు విప్పుతూ కూర్చుంది. ఆవిడ విప్పనిచ్చింది. ఫారం తీసింది. నిద్ర సంగతి, సాయం సంగతి, తాళం సంగతి అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తర్వాత ఇలా అడిగింది:

"మిమ్మల్ని చిన్నప్పుడు ఎవరు పెంచారండీ?"

"మా అక్క. నాకు అయిదేళ్ళప్పుడు అమ్మానాన్నా పోయారు. అక్కకు పదిహేడు."

"ఆవిడ పనికి వెళ్ళేవారా?"

"బొత్తాల ఫ్యాక్టరీకి."

"అప్పుడు మిమ్మల్ని ఎవరు చూసేవారు?"

"ఎవరూ లేరు. తాళం వేసి వెళ్ళేది."

వాన పడుతోంది అన్నంత మామూలుగా చెప్పానక్కా. దాచాల్సిన సంగతని ఎప్పుడూ అనుకోలేదు. పిల్లల్ని అలాగే కాపాడుకుంటారనుకున్నాను. నువ్వు నన్ను కాపాడుకున్నావుగా! ఆవిడ కలం ఆగిపోయింది. 

"ఎప్పుడైనా కొట్టారా?" అంది. 

నేను వంగి, ఉడత విప్పిన లేసు ముడి వెయ్యడం మొదలుపెట్టాను. అదే ఆవిడకు జవాబైంది. ఏదో గీత గీసింది.

మొత్తం పదిహేను. పద్దెనిమిదికి మూడు తక్కువ. అందులో నా చిన్నతనానికి పడ్డ నాలుగు మార్కులు నీవి. 

నేను ఇక రాయను.

ఏప్రిల్ 13

తమ్ముడూ,

ఇది చించేస్తావేమో. అయినా రాస్తున్నాను.

మీ ఊరి ఆఫీసుకు ఉత్తరం రాసింది నేనే. మందు అన్న మాట చూడగానే పిల్లను మత్తులో పెట్టి వెళ్తున్నావనుకున్నాను. నీ జవాబు కోసం ఎనిమిది రోజులు చూశాను. పోస్టు సంచీ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడి కళ్ళు కాయలు కాశాయి. తొమ్మిదో రోజు నీ వాక్యాలు ఎత్తి రాశాను. అవి నాకు మాత్రమే రాసినవని తెలుసు. తెలిసే రాశాను. నేనెందుకు స్వయంగా రాలేదని అడిగావు. వస్తే నీ మొహం చూసి నమ్మేస్తానని భయం వేసింది. ఆ కుట్టుపని ఆవిడ మొహం చూసి నమ్మినట్టే.

ఇప్పుడు రెండో సంగతి. నీ ఉత్తరం చదివాక మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళలేదు. జ్వరం అని చెప్పాను. మంచం మీద పడుకుంటే మన పాత గది వచ్చి నా చుట్టూ నిలబడింది. పసుపు గోడలు, మసిబట్టిన స్టవ్వు, ఒకే ఒక్క కిటికీ. ఇరవై రెండేళ్ళలో ఆ గదిని నేను తలుచుకోలేదు. తలుచుకున్నా, నీకు అన్నం కలిపి పెట్టడం, స్నానం పోయడం, ఆ మంచి ముక్కలే తలుచుకున్నాను. తలుపు బయటి వైపు నుంచి ఎలా ఉండేదో ఎప్పుడూ తలుచుకోలేదు.

ఇంటి దగ్గర కూడా అట్టల మీద బొత్తాలు కుట్టే పని తెచ్చుకునేదాన్ని, గుర్తుందా? ఒక సాయంత్రం వచ్చి తలుపు తీస్తే డబ్బా ఖాళీ. బొత్తాలన్నీ కిటికీలోంచి పారేశావు. వీధంతా తెల్లగా చిందరవందర. నేను బట్టల హ్యాంగరు తీసుకున్నాను. చెక్క హ్యాంగరు. అది విరిగేదాకా కొట్టాను. తర్వాత ఏమైందో నాకు గుర్తులేదు. వీధిలోకి వెళ్ళి ఏరుకున్నానో లేదో కూడా గుర్తులేదు. 

పదకొండేళ్ళుగా మనుషుల ఇళ్ళకు వెళ్ళి "మీ చిన్నతనం ఎలా గడిచింది" అని అడుగుతున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. నీ ఇంట్లో తాళం వేసిన చెయ్యి నాదే.

మా పై అధికారికి ఇదంతా చెప్పాను. ఆవిడ, నెల రోజులు ఇళ్ళకు వెళ్ళవద్దు, ఫైళ్ళు సర్దు అంది. సర్దుతున్నాను.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. ఉడత ఎలా ఉందో ఒక్క ముక్క చాలు. కార్డు మీదైనా సరే.

అక్క

మే 6

అక్కా,

చించలేదు. మడిచి జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాను. తడిసి, ఆరి, అట్టలా అయింది.

ముందు ఉడత. బూడిదరంగు కోటావిడ వారం వారం వస్తోంది. మొదటి రెండు వారాలు నేను కుర్చీ కూడా వెయ్యలేదు. ఆవిడే లాక్కుని కూర్చుంది. చేపల మార్కెట్ పక్కన పనివాళ్ళ పిల్లల కోసం బాలల బడి ఉందట, పొద్దున్న అయిదున్నరకే తెరుస్తారట. ఇన్నాళ్ళూ ఆ గోడ పక్క నుంచే ఐసు బండి తోలాను, లోపల పిల్లలుంటారని నాకు తెలియదు! ఆవిడే వెళ్ళి చోటు ఇప్పించింది. ఇప్పుడు ఇద్దరం చెయ్యి పట్టుకుని వెళ్తాం. మూడో రోజు ఉడత అక్కడ ఇంకో పిల్లను కొరికింది. నాలుగో రోజు నన్ను వదలనని గేటు దగ్గర పొర్లి పొర్లి ఏడ్చింది. నాకు సిగ్గేసింది. కోటావిడకు చెబితే, "మంచి కబురండీ, మళ్ళీ ఏడుస్తోందన్నమాట" అంది. నీ మాటే గుర్తొచ్చింది. ఏడవని పిల్లలంటే భయమన్నావు. ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. 

తాళం ఇప్పుడు నేను ఇంట్లో లేనప్పుడు, ఉడత కూడా లేనప్పుడు మాత్రమే వేస్తున్నాను.

ఇక ఆ గది. నాకు చాలా గుర్తుంది. నీకు తెలియనిది చెబుతాను. పొద్దున్న పూట తాళం కన్నంలోంచి వెలుగు వచ్చి ఎదుటి గోడ మీద చిన్న బిళ్ళలా పడేది. మధ్యాహ్నానికి అది పోయేది. అది ఉన్నంతసేపూ దానితో మాట్లాడేవాడిని. ఏం మాట్లాడేవాడినో గుర్తులేదు గానీ, అది బాగా వినేది. అది పోయాక నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. వీధిలో మాటలు వినిపించేవి, ఎవరివో తెలిసేది కాదు. అందుకే బొత్తాలు వేశాను. పారెయ్యలేదక్కా. ఒక్కొక్కటే వేశాను. బొత్తం తలకు తగిలితే మనిషి తలెత్తి చూస్తాడు కదా. నిజంగానే చూశారు. ఒక టోపీ ఆయన చూసి చెయ్యి ఊపాడు. ఆ రోజంతా నాకు పండగే. 

నువ్వు కొట్టింది కూడా గుర్తుంది. నొప్పి గుర్తులేదు. తర్వాత నువ్వు గోడకు జారబడి హ్యాంగరు ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నావు. నేను నీ దగ్గరికి వచ్చి "ఊరుకో అక్కా" అన్నాను. ఆ తర్వాత ఎన్నేళ్ళో నేను నిన్ను ఊరుకోబెడుతూనే పెరిగాను. అది నాకు మొన్నటిదాకా తెలియలేదు. 

కోపం పోయిందని చెప్పను. నీ మీద ఉన్న కోపంలో కొంత నా మీదిదే. నేనూ ఫిబ్రవరిలో ఒకసారి ఉడతను వీపు మీద చరిచాను. పాలు ఒలకబోసిందని. నీకు రాసిన ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు.

జూన్‌లో ఓ నాలుగు రోజులు వచ్చి వెళ్ళు. నువ్వంటే 'ఉత్తరాల అత్త' అని మాత్రమే ఉడతకు తెలుసు. మనిషివని తెలియాలిగా.

తమ్ముడు

జూన్ 12

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. దారి పొడవునా వాన. కిటికీ అద్దం మీద చుక్కలు పక్కకు పరిగెత్తుతుంటే చూస్తూ కూర్చున్నాను. నీ ఇంటి మెట్లూ, ఆ మబ్బుల కిటికీ, ఉడత తడి జుట్టు వాసనా నాతో పాటు రైల్లో వచ్చాయి.

నాలుగు రోజులూ ఎంత బాగా గడిచాయో రాయాలని కలం తీశాను. రాయాల్సింది వేరే ఉంది.

మూడో రోజు నువ్వు మరదల్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళావు. ఉడత అమ్మ దగ్గరికి తనూ వస్తానని తలుపు పట్టుకుంది. నువ్వు వెళ్ళిన పది నిమిషాలకు ఏడుపు మొదలైంది. ముందు బుజ్జగించాను. కథ చెప్పాను. ఎత్తుకున్నాను, తన్నింది. ఒక గంట. ఇంకో అరగంట. వేడి టీ కప్పు నా ఒళ్ళో బోర్లించింది. నాకు ఆ క్షణం గది కనిపించలేదు, పిల్ల కనిపించలేదు. దాని మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా. నా రెండో చెయ్యి పైకి లేచి ఉంది. అది ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. నా చెయ్యే అని కూడా తెలియలేదు. ఎవరిదో అన్నట్టు దాన్ని చూశాను.

ఉడత ఏడుపు ఆపేసింది. ఠక్కున. బొమ్మలా అయిపోయింది.

అప్పుడు వదిలేశాను. తలుపు బార్లా తెరిచిపెట్టి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కాసేపటికి అది వచ్చి పక్కన కూర్చుంది. దాని మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. నువ్వు వచ్చేసరికి పోయాయి. నువ్వు "ఎలా గడిచింది?" అని అడిగితే "ఏముంది, బాగానే" అన్నాను.

బాగా గడవలేదు. నిన్ను పెంచిన చెయ్యి ఇంకా నా దగ్గరే ఉంది. పదకొండేళ్ళు అందరి ఇళ్ళలో వెతికాను, అది నా ఒళ్ళోనే ఉంది. ఇది నువ్వు తెలుసుకోవాలి. తెలుసుకుని నీకేది తోస్తే అది చెయ్యి. రావద్దంటే రాను. 

ఆఫీసులో మళ్ళీ ఇళ్ళకు పంపుతామంటున్నారు. ఇంకొన్నాళ్ళు ఫైళ్ళే చూస్తానని చెప్పాను. పిల్లల మీద చెయ్యెత్తకుండా ఉండటం నేర్చుకునే పెద్దవాళ్ళు మంగళవారాలు మా ఆఫీసు పై అంతస్తులో కూర్చుంటారు. ఇన్నాళ్ళూ అక్కడికి మనుషుల్ని పంపించాను. ఈ మంగళవారం నేనే మెట్లెక్కి వెళ్ళాను. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

అక్క

జూన్ 20

అక్కా,

నీ ఉత్తరం చదివి ఉడతను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను. అది మూడు మాటల్లో చెప్పింది. "అత్త గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలేసింది. తర్వాత మెట్ల మీద కూర్చున్నాం." ఇంతే. చేతి మీద నొప్పి ఉందా అంటే లేదంది. భయం వేసిందా అంటే వేసిందంది. మళ్ళీ అత్త రావాలా అంటే కాసేపు ఆలోచించి, రావాలంది.

నేను రెండు రోజులు ఆలోచించాను. ఫ్యాక్టరీలో దిమ్మలు లాగుతూ ఆలోచించాను, ఉడత పడుకున్నాక దాని చెయ్యి చూస్తూ ఆలోచించాను. నా చేతిలో ఫారం లేదు, మార్కులెయ్యడం నాకు రాదు. నాకు తోచింది రాస్తున్నాను.

నిన్ను ఉడత దగ్గర ఒంటరిగా వదలను. ఇంకొన్నాళ్ళు వదలను. ఎన్నాళ్ళో ఇప్పుడే చెప్పలేను. ఇది కోపంతో అనడం లేదు. నువ్వు ఏడుస్తావని కూడా తెలుసు. ఈసారి ఊరుకోబెట్టను. ఏడువు.

కానీ నువ్వు రావాలి. ప్రతి నెలా రావాలి. నువ్వు వచ్చిన రోజుల్లో నేను సెలవు పెడతాను, మేస్త్రీతో మాట్లాడాను. జూలై పదో తారీఖున మీ మరదల్ని ఇంటికి పంపుతున్నారు. మెట్లెక్కడానికి ఇంకా ఆయాసం వస్తుందట, పట్టుకోవడానికి ఇద్దరం కావాలి.

జూలై తొమ్మిది మధ్యాహ్నం రైలుకు రా. స్టేషన్ నుంచి ఇంటికి నీకు నువ్వుగా బయల్దేరకు. ప్లాట్‌ఫారం మీద నిలబడు. మేమిద్దరం వచ్చి నిన్ను తీసుకెళ్తాం.

నీ
బక్కోడు